నాయన గుణం

మా నాయన అనుమానం చిన్నప్పటిది. గిద్దలూరులో కిరాణా దుకాణం నడిపినన్నాళ్లూ దాన్ని మేము జాగ్రత్త అనేవాళ్లం. తాళం వేసి, లాగి చూసి, వీధి మలుపు దాకా పోయి, వెనక్కి వచ్చి మళ్లీ లాగేవాడు. డెబ్బై దాటి దుకాణం వదిలేశాక ఆ అనుమానానికి పని లేకుండా పోయింది. ఇంట్లో ఉన్నది అమ్మ ఒక్కతే కాబట్టి ఆమె మీద పడింది.

"పప్పులో ఏం కలిపినావు?" అని ఒకరోజు కంచం తోసేశాడు. ఆ తర్వాత ఆమె వండింది ముట్టలేదు. తనే కొనుక్కొచ్చుకున్న అరటిపండ్లు, బన్నులతో రోజులు నెట్టాడు. మనిషి చిక్కిపోతుంటే నాకు భయమేసింది. అమ్మకు మాత్రం ఒళ్లు మండింది.

"ఇంకొక్కసారి ఆ మాటంటే రాచర్లలో మా తమ్ముడింటికి పోతా. మీ నాయన్ను నువ్వే చూసుకో" అని నాతో తేల్చి చెప్పింది. ఆమె పోతే ఆయన బతకడని నాకు తెలుసు.

నిద్ర పట్టడం లేదని ఆయనే ఒప్పుకున్నాడు కాబట్టి, మార్కాపురంలో మానసిక వైద్యుడికి చూపించాం. పరీక్షలన్నీ చేసి చిన్న మాత్ర ఇచ్చాడు. రెండోసారి పోయినప్పుడు "మందుకు గుణం కనపడిందామ్మా?" అని అమ్మను అడిగాడు. గుణమంటే రోగం నెమ్మదించడమూ అవుతుంది, మనిషి స్వభావమూ అవుతుంది. అమ్మ రెండోది పట్టుకుంది.

"గుణానికేం సార్, పెండ్లయినప్పటి నుంచి కనపడతానే ఉంది!"

నాకు నవ్వాగలేదు. డాక్టరు మాత్రం పెన్ను పక్కన పెట్టి, ఆమె చేత పాత సంగతులన్నీ చెప్పించుకున్నాడు. ఇది కొత్తగా వచ్చిన జబ్బు కాదు, వయసులో ఉన్నప్పటి స్వభావమే ముసలితనంలో ముదిరింది అన్నాడు. మాత్ర భయాన్ని కొంత తగ్గిస్తుంది కానీ మనిషిని మార్చదట.

"ఆయనతో వాదించొద్దు, ఒట్లు పెట్టొద్దు. ఇద్దరూ ఒకే గిన్నెలోది తినండి. ఆయన్నే వడ్డించుకోనీయండి."

ఈ వైద్యానికి నాయన వెంటనే ఒప్పుకున్నాడు, కాకపోతే తన పద్ధతిలో. గరిటె తీసుకుని ముందు అమ్మకు వడ్డించాడు. ఆమె రెండు ముద్దలు మింగేదాకా రెప్పవేయకుండా చూసి, ఆమెకేమీ కాలేదని నమ్మకం కుదిరాక తను పెట్టుకున్నాడు. రోజూ అదే వరస. కూరకూ అంతే, మజ్జిగకూ అంతే. మెల్లగా ఆయనకు ఒళ్లు పట్టింది. నాకు ప్రాణం కుదుటపడింది.

మొన్న వాళ్లింటికి పోయినప్పుడు చూస్తే అమ్మ ముఖం కూడా కళకళలాడుతోంది. పెళ్లయినప్పటి నుంచి ఆయన తిని లేచాక, అడుగున మిగిలింది తిన్న మనిషి ఆమె.

"రాచర్ల ప్రయాణం ఏమైంది?" అని ఏడిపించాను.

అమ్మ నన్ను పక్కకు లాగి, నాయనకు వినపడకుండా అంది: "ఇన్నేండ్లకు వేడన్నం తింటన్నా. మందు మరీ ఎక్కువ ఇయ్యొద్దని ఆ డాక్టరుకు చెప్పు."