పిట్ట ముట్టని విస్తరి

ఆదివారం వస్తే చాలు, ఆలేరు చుట్టుపక్కల ఊళ్లకు బండేసుకుని వెళ్లేవాణ్ణి. మా బృందానిది ఒకటే మాట: మాంసం మానండి, వీలైతే పాలూ మానండి, ప్రాణం తీయకుండా బతకండి. బడి ముందు స్టవ్ పెట్టి, మీల్ మేకర్ కూర వండి తలా ఓ గరిటెడు పెట్టేవాళ్లం. "అచ్చం మటన్ లెక్కనే ఉన్నది సారూ" అని ఎవరన్నా అంటే ఉబ్బిపోయేవాణ్ణి. మగ్గం గుంటలో బతుకంతా గడిపిన మా బాపు మాత్రం దాన్ని ఒక్కసారీ నోట పెట్టలేదు. "నీ గడ్డి నువ్వే తినురా" అనేవాడు.

బాపు పోయాడు. మూడోనాడు పిట్టకు పెట్టాలి. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి, కాల్చిన చోట విస్తరిలో పెట్టి, దూరంగా నిలబడతాం. కాకి ముట్టేదాకా ఇంట్లో ఎవరూ తినరు. తమ్ముడు కోడిని తెస్తానన్నాడు. పెద్దకొడుకునన్న పొగరు నాది. బాపు పేరు మీద ప్రాణం తీస్తే ఊరుకోనన్నాను. మీల్ మేకర్ కూర మసాలా దట్టించి నేనే వండాను. మనుషులే మటన్ అనుకున్నారు, కాకికేం తెలుస్తుందిలే అనుకున్నాను.

కాకులు వచ్చాయి, తుమ్మచెట్టు మీద కూర్చున్నాయి. ఒక్కటీ కిందికి దిగలేదు. ఎండ నడినెత్తికెక్కింది. అమ్మకు షుగర్. పొద్దున్నుంచి మంచినీళ్లు కూడా ముట్టలేదు, చేతులు వణుకుతున్నాయి.

"జర చాయన్న తాగవే అమ్మా" అన్నాను.

"మీ బాపు అలిగిండు బిడ్డా. ఆయన తినకుంట నేనెట్ల తింట?"

తమ్ముడు విస్తరిని కాలితో ఒక్క తన్ను తన్నాడు. "సచ్చిపోయినంక గూడ బాపుకు నీ పాఠాలేనా అన్నా?"

నా ఒళ్లు మండిపోయింది. అక్కడ పడి ఉన్న కట్టె తీసి వాడి నెత్తి మీద కొట్టాను. వాడు కింద పడ్డాక మళ్లీ కొట్టాను. ఆ రెండో దెబ్బ కొడుతున్నప్పుడు నాకు హాయిగా అనిపించింది. ఈ మాట ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. చుట్టాలు నన్ను వెనక్కి గుంజారు. అమ్మ తూలుకుంటూ వచ్చి, వాడి తలను కొంగుతో అదిమిపట్టి నావైపు చూసింది.

"కోడిని కొయ్యద్దంటివి. నా కొడుకు నెత్తురు పారిస్తివి గదరా."

తమ్ముడు తలకు తువ్వాల చుట్టుకుని వెళ్లి కోడిని తెచ్చాడు. నెత్తురు కళ్లలోకి కారుతుంటే కత్తి కోడి మెడ మీద సరిగ్గా ఆనడం లేదు. "పట్టు" అన్నాడు. కాళ్లూ రెక్కలూ కలిపి పట్టుకున్నాను. అది గిలగిలా కొట్టుకుంటుంటే ఇంకా గట్టిగా పట్టుకున్నాను. మెడ తెగాక కూడా చాలాసేపు వదల్లేదు.

వండి పెట్టగానే కాకి దిగింది. అమ్మ ప్రాణం నిలబడితే చాలని, ఆ కోడికూర అన్నమే గబగబా కలిపి ముద్ద ఆమె నోటి దగ్గర పెట్టాను. అమ్మ నా చెయ్యి తోసేసి, తమ్ముడి వైపు తిరిగి నోరు తెరిచింది.