రెండు పొరలు విడిపోయేదాకా

గద్వాల నీళ్ల పరీక్షశాలకు కొత్త మిషను వచ్చిన రోజు అందరూ మిఠాయి తిన్నారు. గీత మాత్రం ముట్టలేదు.

పత్తిచేల పక్కన బోరునీళ్లలో పురుగుమందు ఎంతుందో తేల్చడం ఆమె పని. మునుపు అది ఇద్దరి పని. కింద కొళాయి ఉన్న గాజుబుడ్డిలో నీళ్లూ, మందును లాగే ద్రావకమూ పోసి నాగేశ్ కుదిపేవాడు. అవి రెండు పొరలుగా విడిపోయాక గీత కింది పొర పట్టుకునేది. మరీ గట్టిగా కుదిపితే అంతా మజ్జిగలా తెల్లబడి ఓ పట్టాన విడిపోదు. కాస్త ఉప్పు వేస్తే విడిపోతుంది. కానీ నాగేశ్ చేతికి ఒడుపు లేదు, ఉప్పేమో ఎప్పుడూ ఉండేది కాదు.

"ఉప్పు ఒడిసింది గీతా. జరసేపు కూసుందాం" అనేవాడు.

కూర్చునేవాళ్లు. ఇటిక్యాలలో సీటు కోసం బస్సు కిటికీలోంచి దస్తీ వేస్తే, దస్తీ ఒక్కటే అయిజ పోయిన సంగతి చెప్పేవాడు. గీత నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకునేది.

ఈ మిషనుకు ఎవరి తోడూ అక్కర్లేదు. వేలంత సీసాలో సూది దించి, నాలుగు చుక్కల ద్రావకంతో తనే కలిపి తనే తీసుకుంటుంది. ఇంకేం, నాగేశ్‌ను నమూనాలు తెమ్మని అయిజ వైపు తోలేశారు. వస్తాడు, డబ్బా దించుతాడు, పోతాడు. ఆ మాయదారి మిషను మీద గీతకు పీకల దాకా కోపం. ఎదుట అతను కూర్చునే స్టూలు ఖాళీగా చూస్తే ఏడుపొచ్చేది. నాగేశ్ మీద బెంగ పెట్టుకున్నానని తనకు తాను ఒప్పుకోవడానికి చాలా రోజులే పట్టింది.

ఒకరోజు పాత అలమర ఖాళీ చేస్తుంటే, పై అరలో చిత్తు కాగితాల వెనక ఉప్పు డబ్బాలు బయటపడ్డాయి. ఒక్కదానికీ మూత తీయలేదు.

"నాగేశ్ సారే పెట్టిండమ్మా, ఎవ్వలకు చెప్పొద్దన్నడు" అంది ఊడుస్తున్న పుష్పమ్మ. "వేరేటోళ్లతోని చేస్తే బుడ్డి ఎన్నడు తెల్లగ కాకపోయేది. నీతోనే గట్ల."

గీత ఒక్కో డబ్బా దించి లెక్కపెట్టింది. ఇన్నాళ్లూ మొద్దులా ఉప్పు కావాలని ఇండెంట్లు రాస్తూ కూర్చుంది తను!

మిషను ఫలితం సరిచూడటానికి ఒక నమూనా చేత్తోనూ చేయమన్నారు పెద్దసారు.

"నాగేశ్ లేకుంటే కాదు సార్" అంది గీత వెంటనే.

నాగేశ్ వచ్చి బుడ్డి కోసం చెయ్యి చాపాడు. గీత ఇవ్వలేదు. తనే పట్టుకుని, రెక్కలు నొప్పి పుట్టేలా కుదిపింది. అంతా తెల్లబడింది.

"అయ్యో, ఉప్పెయ్యాలె. ఉప్పేది?" అంటూ అతను అలమర వైపు చూశాడు. పై అర ఖాళీగా ఉంది.

"ఒడిసింది" అంది గీత, ఎదుటి స్టూలు అతని వైపు జరుపుతూ. "జరసేపు కూసో."