మాజీ రక్షణ మంత్రికి హియరింగ్ ఎయిడ్ పెట్టిన రోజు

2022లో, టెక్సస్‌లోని ప్లేనోలో నేను పనిచేసే క్లినిక్‌కి ఒక పెద్దాయనను మనవరాలు తీసుకొచ్చింది. నేను ఆడియాలజిస్ట్‌ని, అంటే వినికిడి పరీక్షించి హియరింగ్ ఎయిడ్లు అమర్చే మనిషిని. మనవాళ్లు పార్టీల్లో నన్ను చెవి డాక్టరని పరిచయం చేస్తారు. దిద్దీ దిద్దీ విసిగి ఊరుకున్నాను.

ఎక్కువ శబ్దంలో పనిచేశారేమో తెలియాలని ఉద్యోగం గురించి అడుగుతాం. "ఆర్మీ. తర్వాత డిఫెన్స్ మినిస్టర్‌ని," అన్నారాయన నిటారుగా కూర్చుని. ఆ దేశం పేరు రాయను. సైనిక నియంత ఏలిన రోజుల్లో ఈయన మంత్రి. ఆ ప్రభుత్వం కూలాక టెక్సస్‌లో కూతురి దగ్గరికి వచ్చేశారు.

మనవరాలిని ఎలీనా అనుకుందాం. ఆయనను బయటి శబ్దం చొరబడని టెస్ట్ బూత్‌లో కూర్చోబెట్టాక మెల్లగా చెప్పింది. "తాతయ్య కట్టించిన హాస్పిటల్ అక్కడ ఇంకా నడుస్తోంది. వీధికి పెట్టిన ఆయన పేరు మాత్రం తీసేశారు. యూనివర్సిటీలో స్టూడెంట్స్ మీద కాల్పులు జరిగినప్పుడు మినిస్టర్ ఆయనే. ఆర్డర్ ఎవరిచ్చారని ఎప్పుడు అడిగినా వినపడలేదంటాడు. నన్ను పెంచింది ఆయనే, డాక్టర్. నాకు తెలియాలి."

పరీక్షలో వినికిడి నిజంగానే బాగా తగ్గిందని తేలింది. ఆయన మీద జాలి కూడా వేసింది.

ఎయిడ్లు అమర్చిన రోజు మొదటి మాట మేం మాట్లాడం. అలవాటైన గొంతును పోల్చుకోవడం తేలిక కనుక ఇంటివాళ్లను వెనక నిలబెట్టి, పెదాలు కనపడకుండా ఏదో ఒకటి మాట్లాడమంటాం. చాలామంది "ఏం తింటావ్ నాన్నా?" అంటారు, పెద్దవాళ్లు కళ్లు తుడుచుకుంటారు. ఆ క్షణం కోసమే ఈ ఉద్యోగం చేస్తున్నానని గొప్పలు పోతుంటాను.

ఎలీనా వెనక నిలబడి మామూలు గొంతుతో, ఇంగ్లీషులోనే అడిగింది. "తాతయ్యా, ఆ పిల్లల్ని కాల్చమన్నది నువ్వేనా?"

ఆయన భుజాలు బిగిశాయి. వినపడిందని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. "ఇవి పనిచేయడం లేదు," అంటూ రెండూ తీసి టేబుల్ మీద పెట్టారు. ఎలీనా కారు దగ్గరికి వెళ్లిపోయింది. ఆయన మాత్రం లేచే ముందు ఎయిడ్లు డబ్బాలో పెట్టించుకుని తీసుకెళ్లారు.

పోయిన ఏడాది ఆయన చనిపోయారు. ఎయిడ్లు అవసరమైనవాళ్లకు ఇవ్వమని ఎలీనా తెచ్చింది.

"రోజూ పెట్టుకునేవాడు," అంది. "'ఎలీనాని మళ్లీ అడగమను' అని అమ్మతో చెప్పాడు. అమ్మ నాకు ఫోన్ చేసింది కూడా. నేనే వెళ్లలేదు."

"ఎందుకమ్మా?"

"అవునంటే ఏం చేయాలో తెలియలేదు."

ఎయిడ్ల డబ్బా అందుకున్నాను. అన్నాళ్లూ ఆయన నోరు విప్పలేదనే బాధపడ్డాను. శబ్దం చెవికి చేరితే చాలనుకునే నాకు, వినడానికీ ధైర్యం కావాలని అప్పుడు తెలిసింది. ఆ విద్యార్థుల తల్లిదండ్రులు అక్కడ ఇంకా అదే ప్రశ్న అడుగుతున్నారట. చెబుతానన్న ఒక్క మనిషీ చెప్పకుండానే పోయాడు.