రేడియేటర్‌లో పసుపు

ఉదయం ఆరుంపావుకు దేవదుర్గ చేరాం. వాన. బూట్లలో నీళ్లు. పద్నాలుగేళ్ల మిలిటరీ సర్వీసులో సొంత జిల్లాకు డ్యూటీ పడింది అదొక్కసారే. కృష్ణ పొంగి ఊళ్లను చుట్టేసింది. మా దళం ఒక బడిలో దిగింది. మూడు పడవలు, రెండు లారీలు, ఒక అంబులెన్సు జీపు. నేను మెకానిక్‌ని. జీపు నా పూచీ.

దిగగానే బానెట్ ఎత్తాను. ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ డబ్బాలో గీతకు నాలుగు వేళ్లు తక్కువుంది. బండి కింద మాత్రం చుక్క లేదు. రేడియేటర్‌కు ప్రెషర్ పంపు బిగించి గాలి కొట్టాను. పంపు మీది ముల్లు నిదానంగా పడిపోయింది. అంటే ఎక్కడో కారుతోంది. టార్చి వేసి వెతికితే రేడియేటర్ అంచున సూదిమొనంత బెజ్జం.

సుబేదార్ సాబ్‌కు చెప్పాను. "కొత్తదానికి రాసి పంపుతా. అందాకా బండి నడవాలి," అన్నాడు.

మా డ్రైవర్‌ది గుంటూరు. "పసుపెయ్యి గురూ. మా లారీలోళ్లందరూ చేసేదే. ఉబ్బి బెజ్జం మూసుకుపోద్ది."

వంటశాల నుంచి గుప్పెడు పసుపు తెచ్చి పోశాను. పది నిమిషాలు ఇంజన్ తిప్పి మళ్లీ గాలి కొట్టాను. ముల్లు నిలబడింది. సంబరపడిపోయాను, వెధవని! ఒక లీకు దొరికితే రెండోదాన్ని వెతకమని ట్రైనింగులో మొదటి నెలే నేర్పుతారు. ఫ్యాను పట్టుకుని ఒక్కసారి ఊపితే, దాని వెనక నీళ్లు తిప్పే వాటర్ పంపు సంగతి తెలిసిపోయేది. అది బండి పరిగెత్తి వేడెక్కితేనే కారుతుంది. ఊపలేదు. బండి పుస్తకంలో 'ఫిట్' అని రాసి, సంతకం పెట్టి, టీ తాగాను.

మూడో రోజు పదకొండున్నర. వైర్‌లెస్‌లో సుబేదార్ సాబ్. "కాన్పు కేసు పడవలో వస్తోంది. జీపు రెడీయా?"

"రెడీ సాబ్."

బాలింతకు ఇరవై ఏళ్లుంటాయేమో. ఆడపిల్ల పడవలోనే పుట్టింది. రక్తం ఆగడం లేదు. మా నర్సింగ్ అసిస్టెంట్ సెలైన్ పెట్టి, "గంటన్నరలో రాయచూరులో ఆపరేషన్ టేబుల్ ఎక్కాలి," అన్నాడు. వెంట ఆమె తల్లి, ఒళ్లో పసికందు. ఆ తల్లిది రాయచూరే, మా ఇంటికి రెండు వీధుల అవతల. కూతుర్ని కాన్పుకు తీసుకుపోదామని వచ్చి వరదలో చిక్కుకుంది.

పన్నెండుకు వానలోనే కదిలాం. పన్నెండూ ఇరవై అయిదుకు వేడి ముల్లు ఎర్రగీత దాటింది. డ్రైవర్ ఆపేశాడు. బానెట్ నిండా ఆవిరి. అంత వేడి మీద రేడియేటర్ మూత తీస్తే మొహం కాలిపోతుంది. పన్నెండు నిమిషాలు ఆగాను. లోపల బాలింత మూలుగుతోంది. నేను వాచీ చూస్తూ నన్ను నేను తిట్టుకుంటున్నాను.

ఫ్యాను ఊపాను. లొటలొటలాడింది. వాటర్ పంపు సీలు పోయింది. పంపు కింద ఎండిపోయిన తెల్లటి చార. వారాల నాటిది. నేను సంతకం పెట్టిన రోజు కూడా అక్కడే ఉంది.

వైర్‌లెస్‌లో సుబేదార్ సాబ్‌ను ఇంకో బండి అడిగాను. "లారీలు నది అవతల. రెండు గంటలు పడుతుంది. నువ్వే లాక్కుపో."

మూత గుడ్డతో పట్టి తిప్పాను. మిగిలిన నీళ్లు బుస్సున పొంగాయి. పసుప్పచ్చగా. చూద్దామని దిగిన తల్లి ఆగిపోయింది.

"ఏంది బిడ్డా, బండిల పసుపునీళ్లున్నయి? పూజ చేసిండ్రా?"

"ఔనమ్మా," అన్నాను.

ఆమె బానెట్ అంచున చల్లారిన పసుపునీళ్లు అరచేత్తో తుడిచి తీసుకుంది. కూతురి రెండు పాదాలకూ రాసింది. "తల్లీ, నా బిడ్డను నాకియ్యి," అంది. 

చేయగలిగింది చేశాను. లోపల ఒత్తిడి తగ్గితే కారడం తగ్గుతుందని మూతను సగమే బిగించాను. ఇంజన్ వేడి లాగేయడానికి క్యాబిన్ హీటర్ పూర్తిగా తిప్పాను. తాగే నీళ్లన్నీ పోశాను. అయిపోయాయి. రోడ్డుకు రెండు వైపులా చేలల్లో వరద, కానీ అంతా నల్లరేగడి బురద. తల్లి పసికందును డ్రైవర్ చేతికిచ్చి కొంగు చాపింది. ఆ కొంగులో వడగట్టి పోశాం. నాలుగేసి కిలోమీటర్లు నడవడం, ఆగడం, మళ్లీ పోయడం.

నర్సింగ్ అసిస్టెంట్ అరిచాడు. "హీటర్ ఆపరా! బాలింత ఉడికిపోతోంది!"

"ఆపితే ఇంజన్ పట్టేస్తుంది!"

దారిలో గబ్బూరు దాటాక మూలుగు ఆగింది.  బండి మాత్రం ఆపలేదు.

రెండూ నలభైకి ఆసుపత్రి. స్ట్రెచర్ ఎక్కిస్తూ నర్సింగ్ అసిస్టెంట్ ఆమె మణికట్టు పట్టుకుని నా వైపు చూశాడు. తల అడ్డంగా ఊపాడు.

తల్లి నా భుజం మీద చెయ్యి వేసింది. "నువ్వేం జేస్తవు బిడ్డా. శానా తండ్లాడినవ్. మా కిస్మత్ గిట్లుంది."

క్యాంపుకు వెళ్లి తప్పు నాదేనని సుబేదార్ సాబ్‌కు చెప్పాను. ఆయన పుస్తకం తీసి నా సంతకం చూశాడు. "పంపు మార్చు," అన్నాడు, అంతే. వరద తగ్గాక మా దళం వెనక్కి వెళ్లింది. నేను ఇంకో రెండేళ్లు చేసి ఇంటికొచ్చాను.

ఇప్పుడు రాయచూరులో కార్ల షెడ్డు నడుపుతున్నాను. పసుపు వెయ్యమన్న వాళ్లను బయటికి పొమ్మంటాను. కోపిష్టినని పేరు. ఉండనీ. ప్రతి బండి ఫ్యానూ ఊపి చూస్తాను.

ఆ తల్లి అప్పుడప్పుడు మనవరాల్ని వెంటబెట్టుకుని షెడ్డుకు వస్తుంది. "గీ సారేనమ్మా మీ అమ్మ కోసం వానల తడిసింది. దండం పెట్టు." పిల్ల రెండు చేతులూ జోడిస్తుంది. నేను అసలు సంగతి చెబుదామని నోరు తెరుస్తాను. టీ తాగుతారా అని అడుగుతాను.

ఆ రోజు స్ట్రెచర్ మీద దుప్పటి చాలలేదు. ఆ బాలింత పాదాలు బయటికే ఉన్నాయి. వాటి మీద నేను పోసిన పసుపు ఎండి ఉంది.