గంగక్కా, ఆకు తడుపరాదే

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి ఏడాది ఎండాకాలం చివర్లో నన్ను కోరుట్ల సర్కిల్‌లోని ఒక స్టేషనుకు ఎస్సైగా బదిలీ చేశారు. కాపీరైట్ చట్టం గురించి అప్పటికి నాకు తెలిసిందల్లా సీడీ షాపుల మీద దాడులే. ఎస్సై హోదా ఉంటే దొంగ ప్రతులను వారంటు లేకుండా జప్తు చేయవచ్చు. సీడీలు సంచిలో పోసి, పంచనామా రాసి, సీలు వేసేవాళ్లం. తర్వాత పాటలు ఫోన్లలోకి ఎక్కాయి. ఇక సంచిలో ఏం పోయాలో ఎవరూ చెప్పలేదు.

బతుకమ్మ పండుగ అయిన వారానికి మేడిపల్లి వైపు నుంచి జమున అనే బీడీ కార్మికురాలు స్టేషనుకు వచ్చింది. వెంట పక్కింటావిడను తెచ్చుకుంది. జమున భర్త దుబాయిలో ఉంటాడు. ఆయన్ను ఆటపట్టిస్తూ తానే ఒక పాట కట్టి, బీడీలు చుడుతూ పాడి, వాయిస్ మెసేజీగా పంపింది. ఆయన మురిసిపోయి రూములో అందరికీ వినిపించాడు. ఆ పాట ఫోన్లు దాటుకుంటూ సిరిసిల్లలోని ఒక స్టూడియోకు చేరింది. వాళ్లు వేరే గాయనితో పాడించి, డప్పు కలిపి తమ ఆన్‌లైన్ ఛానల్‌లో పెట్టారు. పండుగనాడు జమున అదే పాట పాడితే మరిది వీడియో తీసి ఇంటర్నెట్‌లో పెట్టాడు. స్టూడియో కాపీరైట్ ఫిర్యాదు చేయడంతో అది మాయమైంది.

"నా పాట నేను పాడుకుంటే దొంగనంటుండ్రు సారూ. దుబాయిల మా ఆయనను గూడ నవ్వవట్టిండ్రు. నా పాటకు నా పేరు గావాలె, గంతే," అంది.

కాపీరైట్ సెక్షన్ కింద పోలీసులు నేరుగా కేసు కట్టవచ్చా లేదా అన్నదానిపై అప్పట్లో కోర్టులే తలో మాట అనేవి. అందుకని ముందు స్టూడియో ఓనరును పిలిపించి, ఆ ఇద్దరి ఎదుట కూర్చోబెట్టాను. జానపదం అందరిదీ అన్నాడాయన. అందరిదైతే ఆమె వీడియో ఎలా తీసేయించావని అడిగితే, తమ రచయితే రాశాడని మాట మార్చాడు.

స్టూడియో పాట పెట్టించాను. ప్రతి చరణం తర్వాత గాయని రాగం తీసి "గంగక్కా, ఆకు తడుపరాదే" అంటుంది, వెనక కోరస్ అందుకుంటుంది. అందులో ఏదో లోతైన భావం ఉందని నేనూ అనుకున్నాను. గంగక్క ఎవరని అడిగాను.

"గంగమ్మ తల్లి సార్. వాన వడాలె, పంట ఆకు తడవాలె అని," అన్నాడు ఓనరు.

జమునతో వచ్చిన పక్కింటావిడ చప్పున లేచింది. "నేనే సారూ గంగక్కను. తునికాకు ఎండితే బీడీ చుట్టరాదు. పిల్ల పాట ఆపి నాకు చెప్పింది."

జమున ఫోనులోని అసలు మెసేజీ విన్నాం. పాట ఆపి, ఆకు సంగతి చెప్పి, మళ్లీ ఎత్తుకుంది. స్టేషనంతా ఘొల్లున నవ్వింది. చివరికి ఓనరుకూ నవ్వు ఆగలేదు.

పాటకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కట్టినవారిదే హక్కు. ఓనరు ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడు. జమున వీడియో తిరిగి వచ్చింది, స్టూడియో పాట కింద రచయితగా ఆమె పేరు పడింది. తన పేరూ వేయాలని గంగక్క పట్టుబట్టింది. చట్టంలో అందుకు దారి లేదని నచ్చజెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

రాజీ కాగితం మీద సంతకం పెట్టాక, సంతోషమేనా అని జమునను అడిగాను.

"పేరచ్చింది సారూ. పాట ఊరూరు తిరిగింది. గీ పండుగకన్న ఇంటికి రమ్మని గద కట్టిన. పాస్‌పోర్టు కంపెనోళ్ల తాన్నే ఉన్నదట, ఆయన రాలే."

దానికి నా దగ్గర సెక్షన్ లేదు. ఆ తర్వాత ఇలాంటి ఫిర్యాదు ఎప్పుడొచ్చినా, పాటను మొదట ఎవరి కోసం పాడారని అడిగేవాణ్ణి. కట్టినవాళ్లు వెంటనే చెప్పేవారు. ఎత్తుకొచ్చినవాళ్లు ఆలోచించేవారు.