బావమరిది బాగుచేసిన కంప్యూటర్

అందరూ పనికిరాదని వదిలేసిన, వానలో తడిసిన కంప్యూటర్‌ను బతికించడం రిపేరు షాపు పెద్దాయన సాధించిన మొదటి ఘనత. వచ్చినవాళ్లందరికీ ఆ ముచ్చట చెబుతాడు. వాళ్లేమో ఈమధ్య అదే షాపులో పనిచేసే ఆయన బావమరిదినే అడుగుతున్నారు. అదే ఆయన కడుపుమంట. బావమరిది ఊరెళ్లగానే, అతను బాగుచేసిన కంప్యూటర్‌లో బరువైన పనులన్నీ ఒకేసారి నడిపించి, దాని లోపలి ఫ్యాన్ గాలికి అరచెయ్యి అడ్డుపెట్టి, ఎప్పుడు ఆగిపోతుందా అని ఆశగా కూర్చున్నాడు.

“దాని ఊపిరి తీస్తారా ఏంటి? అది మా తమ్ముడు చేసింది!” అని భార్య నవ్వింది.

“పరీక్షంటే ఇలాగే ఉంటుందే!” అని కసురుకున్నాడు.

చెయ్యి కాలింది గానీ కంప్యూటర్ ఆగలేదు. సాయంత్రం దాని కోసం టీచరమ్మ వచ్చింది.

“ఢోకా లేదమ్మా, నేనే పరీక్షించాను,” అన్నాడు గొప్పగా.

“ఇంట్లో ఇంకోటి పాడైంది బాబాయ్‌గారూ.”

“తీసుకురా, చూస్తాను.”

“మీకెందుకు శ్రమ? మీ బావమరిది వచ్చాకే తెస్తాను. ఎప్పుడొస్తాడు?”

పెద్దాయన కాలిన చెయ్యి ఊదుకుంటూ, “ఇరవై రెండో తారీఖు,” అన్నాడు.