పైడమ్మ ఇంటికి బుధవారం వచ్చిన మనిషి

దయ్యాలన్నా, దర్శనాలన్నా నాకు ఏనాడూ నమ్మకం లేదు. గజపతినగరం దగ్గర హైస్కూల్లో పాఠాలు చెబుతాను. మా బాప్టిస్టు చర్చికి కార్యదర్శిని. చర్చిలో ఎవరైనా దర్శనం కలిగిందని సాక్ష్యం చెబితే, జ్వరమేమైనా వచ్చిందా అని అడిగే రకం.

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడు జరిగిందిది.

అంతకు ఏడాది ముందు, క్రీస్తు కడరాత్రి భోజనానికి గుర్తుగా ప్రభువు బల్ల ఇచ్చే ఆదివారం, రొట్టె పళ్లెం పట్టుకుని వరసల మధ్య నడుస్తున్నాను. వెనక చాప మీద కూర్చున్న పైడమ్మ చెయ్యి చాపింది. కూలి పని చేసుకునే మనిషి. నాలుగేళ్లుగా చర్చికి వస్తున్నా, భర్త అప్పన్న ఒప్పుకోక బాప్తిస్మం తీసుకోలేదు. నేను పళ్లెం వెనక్కి తీసుకుని, "బాప్తిస్మం లేనివాళ్లు ముట్టకూడదు" అని అందరికీ వినబడేలా అన్నాను. ఆమె చెయ్యి కొంగులో దాచుకుంది. ఆ తర్వాత మళ్లీ రాలేదు.

నియమం తప్పలేదని నాకు తృప్తిగానే ఉండేది. మరుసటి ఏడు, ఈస్టరుకి ముందొచ్చే శ్రమల దినాల్లో నలభై రోజులూ ఒంటిపూట భోజనం చేశాను. ఒక్క ధ్యానకూటం కూడా మానలేదు.

ఈస్టరుకి ముందు బుధవారం పదో తరగతి పరీక్షల డ్యూటీలో ఉన్నాను. పదకొండు గంటలప్పుడు ఒక అమ్మాయి అడిషనల్ షీటు కోసం మాట్లాడకుండా చెయ్యి చాపింది. ఇవ్వబోతూ ఆగిపోయాను. పైడమ్మ చెయ్యి గుర్తొచ్చింది. అన్ని రోజుల ఉపవాసంలోనూ ఒక్కసారి గుర్తు రాలేదది. షీటు ఇచ్చి కిటికీ వైపు తిరిగాను. కన్నీళ్లు ఆగలేదు. తప్పు చేశానమ్మా అని లోపల్లోపల ఎన్నిసార్లు అనుకున్నానో.

పరీక్ష అయ్యేవరకూ ఆ గది దాటలేదు. తర్వాత మెడలోని డ్యూటీ కార్డు తీసి, రోజూలాగే ఆఫీసులో అప్పజెప్పాను. ఆ కార్డు బయటికి పట్టుకెళ్లనివ్వరు.

శనివారం పొద్దున బండి మీద పైడమ్మ ఊరు వెళ్లాను. అంతకుముందెప్పుడూ వెళ్లలేదు. ఇల్లెక్కడో ఇద్దరిని అడగాల్సి వచ్చింది.

భార్యాభర్తలిద్దరూ ఇంట్లోనే ఉన్నారు. "ఆ రోజు తప్పు చేశాను పైడమ్మా, క్షమించు" అన్నాను.

ఆమె నవ్వింది. "ఎన్నిసార్లు అడుగుతారు బాబూ? మొన్న బుధవారమే వొచ్చి అడిగినారు కదా."

నేను రాలేదన్నాను.

"ఏటలా అంటారు? మేం ఉపాధి పని నుంచి పదకొండుకొచ్చేసరికి గుమ్మం కాడ నిలబడున్నారు. మెడలో కార్డు ఏలాడతంది."

అప్పన్న అందుకున్నాడు. "ఈ మంచం మీదే కూకున్నారు మేస్టారూ. నానే నీళ్లిచ్చినాను. సంటిపిల్లడిలాగ ఏడిసినారు. ఈయేళ ఏడవలేదు మీరు."

ఆ గంటలో నేనెక్కడున్నానో వివరంగా చెప్పాను. పైడమ్మ, "మరైతే ఎవులు బాబూ?" అంది.

"ఎవులైతే ఏటే? ఆ ఏడుపు సూసే కదా నిన్ను మళ్లీ చర్చికి ఎల్లమన్నాను" అన్నాడు అప్పన్న.

విచిత్రమేమిటంటే, నాకు భయం వెయ్యలేదు. గుండెల్లో ఏదో బరువు దిగినట్టు హాయిగా ఉంది. అక్కడే గంజి తాగి వచ్చాను.

ఈస్టరు ఆరాధనకి ముందు పాస్టరుగారితో, రొట్టె ఎవరికివ్వాలో ఇక నేను తేల్చలేనని చెప్పాను. ఆయన, "పళ్లెం అందరి ముందూ పెట్టండి. తీసుకోవడం వాళ్లకీ దేవుడికీ మధ్య సంగతి" అన్నారు. పైడమ్మ చాప దగ్గర మోకాళ్ల మీద కూర్చుని పళ్లెం పట్టాను. తీసుకుంది.

తర్వాత స్కూలు రిజిస్టరు తీయించి చూశాను. బుధవారం వచ్చినప్పటి సంతకం, వెళ్లినప్పటి సంతకం రెండూ నావే. గదిలో పిల్లలంతా నన్ను చూశారు. అక్కణ్నుంచి పైడమ్మ ఊరు బండి మీద అరగంట.

ఇన్నేళ్లయినా ఆ బుధవారం వాళ్ల మంచం మీద కూర్చున్నదెవరో నాకు తెలియదు. నేను అడగవలసిన మాట నాకంటే బాగా అడిగాడని మాత్రం తెలుసు.